స్టీరింగ్ మీద టోపీ

“తాళంచెవి ఎక్కడ దాచావే?”

డెల్బర్ట్ ఈ మాట అడగడం పొద్దుటి నుంచి ఎన్నోసారో వెర్నా లెక్క మానేసింది. ఇల్లుగా మార్చుకున్న బస్సులోని సొరుగులన్నీ ఊడి నేలమీదికొచ్చాయి. పరుపు తిరగబడింది. మాసిన బట్టల సంచీ బోర్లా పడి ఉంది. ఆఖరికి ఫ్రిజ్‌లో తల దూర్చి పాలడబ్బా వెనకాల కూడా వెతికాడు.

మొక్కజొన్నపిండి డబ్బా జోలికి మాత్రం పోలేదు. యాభై ఏళ్ల కాపురంలో వంట సామాను ముట్టుకున్న పాపాన పోనివాడు, ఇవాళ మాత్రం ముట్టుకుంటాడా? ఆ ధైర్యంతోనే వెర్నా తాళంచెవిని పిండిలోకి గుచ్చి మూత బిగించింది.

“నిన్నే. వినపడుతోందా?”

“నాకు చెవుడు లేదు.”

“మరి చెప్పవేం?”

“నిన్న ఏం జరిగిందో నువ్వు చెప్పు. తాళంచెవి ఎక్కడుందో నేను చెప్తాను.”

“నిన్నేం జరిగిందీ? గాలి కారుతుంటే కిందికి దూరి పైపు బిగించాను. ఈ ఐరీన్‌ని కొన్నప్పట్నుంచీ బిగిస్తూనే ఉన్నాను. కొత్తేమన్నా ఉందా?”

ఐరీన్ అంటే బస్సు. పేరు పెట్టింది డెల్బర్టే. నా మొగుడికి నాకంటే నా సవతంటేనే ప్రాణం అని వెర్నా నలుగురిలో నవ్వుతూ అంటుంది గానీ, ఇవాళ ఆ నవ్వు రాలేదు.

“బస్సు కిందికి దిగకుండా ఆపే దిమ్మలు పెట్టకుండా దూరావు.”

“పెట్టాను.”

“దిమ్మలు డిక్కీలో ఉన్నాయి డెల్. కట్టిన తాడు కట్టినట్టే ఉంది. వాటిమీద దుమ్ము కూడా చెదర్లేదు. నా కళ్లతో చూశాను.”

“పెట్టానన్నానా!”

ఆ అరుపుకి గోడకి తగిలించిన పెనం అదిరింది. వెర్నా అతని చెవుల వంక చూసింది.

డెల్బర్ట్‌కి అబద్ధం ఆడటం చేతకాదు. ఆడితే చెవులు రెండూ ఎర్రగా కందిపోతాయి. పెళ్లయిన కొత్తలోనే వెర్నా ఈ సంగతి కనిపెట్టింది, కనిపెట్టి ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. పేకాటలో ఓడినా, డాక్టరు వద్దన్న బేకన్ తిన్నా, ఆ చెవులే సాక్ష్యం చెప్పేవి. ఇవాళ అవి మామూలుగానే ఉన్నాయి. అంటే ఈ మనిషి అబద్ధం ఆడటం లేదు. పెట్టానని నిజంగానే నమ్ముతున్నాడు.

అబద్ధమైతే ఎంత బాగుండేది! తిట్టి పోసేది, రెండు రోజులు మాట్లాడటం మానేసేది, అంతటితో అయిపోయేది. దీనికేం చెయ్యాలో వెర్నాకి తెలియలేదు.

నిన్న మధ్యాహ్నం ఆవిడ పొయ్యి దగ్గరుంది. బస్సు ఒక పక్కకి ఒరిగి, బల్లమీద గుడ్డు దొర్లి కిందపడి పగిలింది. ఐరీన్ నిలబడేది గాలి తిత్తుల మీద. గాలి కారితే ఒరగడం మామూలే, ఇంజిన్ కాసేపు తిప్పితే మళ్లీ నిలబడుతుంది. బస్సు నడపడం రాకపోయినా ఆ పాటి పని వెర్నా ఎన్నోసార్లు చేసింది. డ్రైవర్ సీటు దగ్గరికెళ్లి స్టీరింగ్ వంక చూసింది. స్టీరింగ్ మీద టోపీ లేదు.

బస్సు కిందికి దూరేవాడు తన టోపీ స్టీరింగ్‌కి తగిలించి దూరాలి. టోపీ కనిపిస్తే పసిపిల్లలు కూడా ఇంజిన్ జోలికి పోరు. టోపీ లేదు కాబట్టి డెల్బర్ట్ ఎక్కడో కబుర్లు చెబుతూ కూర్చున్నాడనుకుంది. తాళంచెవి సగం తిప్పింది. గాలి తక్కువైందని బజర్ మోగింది.

“హేయ్!” అన్న కేక కాళ్ల కిందినుంచి వచ్చింది.

వెర్నా తాళంచెవి వెనక్కి తిప్పేసింది. తర్వాత అతను పాకుతూ బయటికి వచ్చి, మోకాళ్లు దులుపుకుంటూ, “భోజనానికేంటి?” అని అడిగాడు. అతను మెట్టెక్కుతుండగా ఐరీన్ పెద్దగా నిట్టూర్చి జానెడు కిందికి దిగింది. అంతసేపూ అతని తల ఉన్న చోటికే దిగింది.

“రేపు పొద్దున్న బయల్దేరాలి,” డెల్బర్ట్ ఇప్పుడు గొంతు తగ్గించి అన్నాడు. “మధ్యాహ్నం అందరూ ఇంజిన్లు తిప్పి చూసుకుంటారు. అందర్లోకీ ముందు నాది. తాళంచెవి లేకుండా ఏ మొహం పెట్టుకుని నిలబడమంటావు?”

“నిలబడకు. కూర్చో.”

“నీకేమన్నా పిచ్చి పట్టిందా వెర్నా?”

ఆ మాటకి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొరివితో తల గోక్కున్నట్టయింది, పిచ్చి నాకా ఇతనికా అనుకుంది. అంతలో బయట ఎవరో ఈలపాట పాడుతూ వచ్చి అద్దం మీద టకటకా కొట్టారు.

“ఒరేయ్ ముసలోడా! బతికున్నావా?”

“నిన్ను సాగనంపకుండా ఎలా పోతానురా?” అన్నాడు డెల్బర్ట్. కోపమంతా ఎటు పోయిందో, మొహం ఇంత వెడల్పయింది.

రాస్కో ఒకప్పుడు బళ్లో బ్యాండు నేర్పిన మాస్టారు. సన్నగా, పొడుగ్గా, సీసా అడుగంత మందం కళ్లజోడుతో ఉంటాడు. చేతిలో తెల్ల రంగు పెన్నుతో మెట్టెక్కబోయి, లోపల సొరుగుల సంత చూసి ఆగిపోయాడు.

“ఏంటిది? దొంగలు పడ్డారా?”

“తాళంచెవి కనపడట్లేదు,” అన్నాడు డెల్బర్ట్.

రాస్కో వెర్నా మొహంలోకి చూశాడు. వెర్నా పెనం తోమడం మొదలుపెట్టింది, అప్పటికే తోమి ఉన్న పెనం. ఆడవాళ్ల మొహాలు చదవడం తెలిసినవాడు కాబట్టి రాస్కో ఇంకేం అడగలేదు. దిగి వెళ్లి అద్దం మీద అంకెలు రాశాడు.

ఈ ముసలి బస్సుల మేళంలో వరస తేల్చేది వయసే. బస్సు వయసూ, నడిపేవాళ్ల వయసూ కూడి అద్దం మీద రాస్తారు. ఎవరిది ఎక్కువైతే వాళ్లది ముందు బస్సు. రాస్కోది నూట ముప్ఫై నాలుగు. మొగుడు పోయాక తనే బస్సు నడుపుకునే ఓపల్‌ది నూట ఇరవై తొమ్మిది. మొన్న మొన్న చేరిన బ్రీ పసుపుపచ్చ బడి బస్సుది యాభై. దాన్ని అందరూ ఉయ్యాల అని ఏడిపిస్తారు. ఐరీన్ అద్దం మీద 139 అని రాసి, రాస్కో రెండడుగులు వెనక్కేసి సెల్యూట్ కొట్టాడు.

“ఇంకో ఆరేళ్లు ఆగితే నూటయాభై దాటుతుంది. నువ్వు లేకపోతే మాకు బిస్బీ కొండ దారి ఎవరు చూపిస్తార్రా?”

డెల్బర్ట్ ఛాతీ పొంగింది. వెర్నా చేతిలోని పెనం జారి తొట్లో పడింది.

బిస్బీ దగ్గర ఆ దిగుడు ఆవిడకి తెలుసు. మలుపు మలుపుకీ గేరు మార్చాలి, బ్రేకులో గాలి ఎంతుందో చూస్తూ ఉండాలి. ఒక్కటి మరిచిపోయినా ముందు బస్సు, దాని వెనక వచ్చే బస్సులన్నీ... ఆవిడ కళ్లు మూసుకుంది.

చెప్పేస్తే పోతుంది. కానీ చెప్తే ఏమవుతుందో కూడా ఆవిడకి తెలుసు. దిమ్మ పెట్టకుండా దూరినవాడి టోపీ శిక్షగా స్టీరింగ్‌కి ఎక్కుతుంది, మేళం ఒప్పుకునేదాకా దిగదు, అందాకా అతను బస్సు నడపకూడదు. ఈ వయసులో ఎక్కిన టోపీ దిగడం ఎవరూ చూడలేదు. టొలీడోలో ఇల్లు అమ్మేసి ఈ బస్సెక్కారు. వెర్నాకి నడపడం రాదు. నడిపేవాడు లేకపోతే ఐరీన్ చక్రాలున్న రేకుల కొట్టం. పోనీ తమ సంగతి సరే, స్టీరింగ్ పోయాక డెల్బర్ట్ ఎన్నాళ్లు డెల్బర్ట్‌లా ఉంటాడు?

చెప్పకపోతే ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. చెప్తే చంపినట్టవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

*

ఊపిరాడక వెర్నా బయటికి వచ్చింది. అరిజోనా చలికాలపు ఎండ ఒంటికి హాయిగానే ఉంది. వాగు ఇసుక అవతల, బడి బస్సు ముందు, బ్రీ పాన్‌కేకులు తిరగేస్తోంది. అలబామా పిల్ల. పెద్దవాళ్ల పేరుకి ముందు మిస్, మిస్టర్ తగిలించందే పిలవదు.

“మిస్ వెర్నా! రండి రండి, కూర్చోండి. మీ మొహం ఏంటి అలా ఉంది? జ్వరమా?”

“ఏం లేదు తల్లీ. మా ముసలాయనతో మాటా మాటా.”

“అయ్యో, మా ఆయన కోడీ ఊరెళ్లి నాలుగు రోజులైంది, పోట్లాడుకోవడానికైనా మనిషి లేడని నేను ఏడుస్తుంటే!” అంటూ బ్రీ పళ్లెం అందించింది. “తినండి ముందు.”

వెర్నా ముక్క నోట్లో పెట్టుకుంది. ఎటో చూస్తూ నములుతుంటే, పసుపు బస్సు మెట్టు పక్కన పేర్చి ఉన్న దిమ్మలు కనిపించాయి. ఆకుపచ్చ రంగువి. ఎవరి దిమ్మలకి వాళ్ల రంగు వేసుకోవడం ఇక్కడ మామూలు. ఐరీన్‌వి ఎరుపు. బ్రీవి పసుపు. ఆకుపచ్చ రాస్కోది.

“రాస్కో దిమ్మలు నీ దగ్గరున్నాయేం?”

“అవా? మిస్టర్ డెల్బర్ట్ కోసం,” అంది బ్రీ, పిండి గరిటెతో పోస్తూ. అని నాలుక్కరుచుకుంది.

గరిటెలోంచి పిండి బొట్లు బొట్లుగా ఇసుకలో పడింది.

“నా మొగుడి కోసం నీ దగ్గర దిమ్మలేంటమ్మాయ్?”

“నాకు... మీకు తెలుసనుకున్నాను. మిస్టర్ రాస్కో చెప్పలేదా?”

“నువ్వు చెప్పు.”

బ్రీ పొయ్యి ఆపేసింది. పాన్‌కేకు సగం కాలి ఉండిపోయింది.

“ఆయన బస్సు కిందికి దూరుతున్నట్టు కనిపిస్తే చాలు, మిస్టర్ రాస్కో పరుగున వెళ్లి తన దిమ్మలు పెట్టేస్తారు. తను లేనప్పుడు నన్ను పెట్టమన్నారు. సడి చెయ్యకుండా పెట్టు, బయటికొచ్చాక సడి చెయ్యకుండా తీసెయ్, ఎవరికీ చెప్పకు అన్నారు. నేను రెండుసార్లు పెట్టాను. నిన్న నేను బట్టలుతుక్కోడానికి ఊళ్లోకి వెళ్లాను...” అమ్మాయి గొంతు సన్నబడింది. “నిన్న ఏమన్నా అయిందా మిస్ వెర్నా?”

వెర్నా పళ్లెం ఇసుకలో పెట్టేసి లేచింది.

*

రాస్కో తన బస్సు నీడలో కూర్చుని అకార్డియన్ తుడుచుకుంటున్నాడు. వెర్నా నడక చూడగానే అకార్డియన్ పక్కన పెట్టాడు.

“ఎన్నాళ్ల నుంచి?”

“ఏది?”

“నా దగ్గర నీళ్లు నమలకు రాస్కో. నా మొగుడి బస్సు కింద నీ దిమ్మలు ఎన్నాళ్ల నుంచి పెడుతున్నావు?”

రాస్కో కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచాడు. పెట్టుకుని, మళ్లీ తీశాడు.

“పోయిన చలికాలం నుంచి.”

“ఏడాది! ఏడాది నుంచి తెలుసు నీకు. నా పక్కన కూర్చుని నా చేతి బీన్సు తిన్నావు, నా పుట్టినరోజుకి పాట పాడావు. ఒక్క మాట చెప్పాలనిపించలేదా?”

“చెప్తే వాడి టోపీ స్టీరింగెక్కుతుంది. ఎక్కితే దిగదు. నీకు తెలీదా?”

“నిన్న చచ్చేవాడు! నా చేతుల్లో చచ్చేవాడు. నేనే తాళం తిప్పాను.”

రాస్కో మొహం పాలిపోయింది. ఎక్కడో ఎవరి రేడియోలోనో వాతావరణం చెబుతున్నారు.

“నిన్న నేను కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను,” అన్నాడు చివరికి. “బ్రీ ఉందనుకున్నాను. అది నేనున్నాననుకుంది కాబోలు. ఇద్దరం ఒక్కసారే లేకపోవడం... అనుకోలేదు వెర్నా. క్షమించు.”

“అంటే నువ్వు ఊరికెళ్లడం మీద నా మొగుడి ప్రాణం ఆధారపడి ఉందన్నమాట.”

“నా ప్రాణం వాడి మీద లేదా?” రాస్కో గొంతు పెరిగింది. “సందె వేళైతే నాకు రోడ్డు కనపడదు. తెలుసా నీకు? గీత కనపడదు, గుంట కనపడదు. ముందు బస్సులోంచి వాడు రేడియోలో చెప్తుంటాడు. ఎడమకి తిప్పరా, ఎదురుగా లారీ ఉంది, నిదానించు అని. వాడి ఎర్ర దీపాలు చూసుకుంటూ నేను వస్తాను. వాడు నా సంగతి ఎవరికన్నా చెప్పాడా? నీకు చెప్పాడా?”

చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర కూడా డెల్బర్ట్ ఆ ముక్క అనలేదు.

“దేవుడా!” అంది మెల్లగా. “మతి నిలవనివాడు ముందు. కళ్లు కనపడనివాడు వెనకాల. వాళ్లని నమ్ముకుని మేమంతా కాఫీలు తాగుతూ.”

ఆ మాటకి రాస్కోకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. అతన్ని చూసి వెర్నాకీ పొంగుకొచ్చింది, నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోతూ ఉంటే, బస్సు అవతలి పక్కనుంచి ఇంకో గొంతు వినిపించింది.

“ఇంకా ఎవరి రహస్యాలు మిగిలాయి? అవీ చెప్పండి. ఒకేసారి విని ఏడుస్తాను.”

ఓపల్.

నవ్వు టక్కున ఆగిపోయింది. మగవాళ్ల నూనె మరకల ఓవరాల్స్, చేతులకి తోలు తొడుగులు, నెరిసిన జడ. బస్సు మూల మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో. మొహం చూస్తే అంతా విన్నట్టే ఉంది.

ఆవిడ ముందు దిమ్మల మాట ఎత్తకూడదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ మొగుడు వెల్డన్ పోయింది అలాగే. పదకొండేళ్ల కిందట, ఇదే ఎడారిలో, దిమ్మలు లేకుండా కిందికి దూరాడు. గాలి కారి బస్సు దిగింది. ఆ పూట వెల్డన్ ఒక్కడే ఉన్నాడట. ఓపల్ ఊళ్లో రొట్టెలు కొంటోంది. అందరికంటే ముందు వెళ్లి చూసింది డెల్బర్టే. జాకీ పెట్టి బస్సు లేపిందీ, మనిషిని బయటికి లాగిందీ అతనే. ఆ రాత్రి అందర్నీ కూర్చోబెట్టి, వెక్కి వెక్కి ఏడుస్తూ, దిమ్మల కట్టుబాటు పెట్టించిందీ అతనే. ఓపల్ ఆ తర్వాత నడపడం నేర్చుకుని మొగుడి బస్సు తనే తిప్పుకుంటోంది. ప్రతి ఏడూ ఆ రోజున డెల్బర్ట్ ఆవిడ బస్సుకి నూనె మారుస్తాడు, ఏమీ మాట్లాడకుండా.

“ఓపల్,” అంది వెర్నా. “నేనే చెబుదామనుకుంటున్నాను.”

“ఎప్పుడు? బిస్బీ దిగాకా?”

వెర్నా తల దించుకుంది.

“తాళంచెవి నీ దగ్గరే కదా ఉంది?”

“ఉంది.”

“తీసుకురా. అందరూ కాఫీకి వస్తున్నారు. అక్కడే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. నాకు డెల్ అంటే ప్రేమ లేక కాదు వెర్నా. ఒకసారి పూడ్చాను. రెండోసారి నావల్ల కాదు.”

*

చల్లారిన నెగడు చుట్టూ మడత కుర్చీలు వేసుకుని అందరూ చేరారు. నల్లబడ్డ కాఫీ కూజా చేతులు మారుతోంది. డెల్బర్ట్ శుభ్రంగా గడ్డం గీసుకుని, టోపీ పెట్టుకుని వచ్చాడు. ప్రయాణం ముందు రోజంటే అతనికి పండగ.

“తాళంచెవి దొరికిందా?” అని ఎవరో అడిగారు.

“మా ఆవిడ చేతిలో ఉందిగా,” అన్నాడు నవ్వుతూ. “ఎక్కడ దాచిందో చూడండి, దానికి పిండి కూడా అంటుకుంది. వేయించి పెడదామనుకుందేమో.”

అందరూ నవ్వారు. వెర్నా గుప్పిట బిగించింది. తాళంచెవి పళ్లు అరచేతిలో గుచ్చుకున్నాయి.

“డెల్,” అంది. “నిన్న నువ్వు దిమ్మలు పెట్టకుండా దూరావు. స్టీరింగ్ మీద టోపీ లేదు. నేను తాళం తిప్పాను.”

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కాఫీ కూజా పట్టుకున్నతను దాన్ని ఎవరికి అందించాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

“మళ్లీ మొదలా?” డెల్బర్ట్ కనుబొమలు ముడిపడ్డాయి. “ఇంట్లో గొడవ ఇంట్లో ఉంచాలి వెర్నా. నలుగురిలో నా పరువు తీస్తావా? పెట్టానని చెప్పాను. రాస్కో, నువ్వు చెప్పరా. నేను పెట్టనివాడినా? ఆ కట్టుబాటు పెట్టిందే నేను కదరా!”

రాస్కో తన బూట్ల వంక చూసుకున్నాడు.

“రాస్కో?”

“ఏడాదిగా నేను పెడుతున్నాను డెల్,” అన్నాడు రాస్కో, వినీ వినపడనట్టు. “నావి. ఆకుపచ్చవి. నీకు తెలీకుండా.”

డెల్బర్ట్ అతని వంక చూశాడు. తర్వాత బ్రీ వంక చూశాడు. బ్రీ మొహం చేతుల్లో దాచుకుని ఏడుస్తోంది. ఆ ఏడుపు చూశాక అతని భుజాలు కొంచెం కిందికి జారాయి. వెర్నాకి లేచి వెళ్లి ఆ భుజాల చుట్టూ చెయ్యి వెయ్యాలనిపించింది.

ఓపల్ లేచింది.

“కట్టుబాటు నీదే డెల్. నేను పెట్టింది కాదు. ఆ రాత్రి నా మొహం చూసి నువ్వు పెట్టావు. టోపీ పెట్టు.”

ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎదురుగా ఐరీన్ అద్దం మీద 139 ఎండకి తెల్లగా మెరుస్తోంది.

డెల్బర్ట్ చాలాసేపు కూర్చున్నాడు. తిడతాడని కొందరు, లేచి పోతాడని కొందరు అనుకున్నారు. అతను కాఫీ మగ్గు ఇసుకలో జాగ్రత్తగా పెట్టాడు, ఒలక్కుండా. లేచాడు. ఐరీన్ దాకా నడిచి మెట్లెక్కాడు. అద్దంలోంచి అందరికీ కనిపిస్తున్నాడు. టోపీ తీసి, దుమ్ము దులిపి, స్టీరింగ్‌కి తగిలించాడు.

వెర్నా నోటికి కొంగులా స్వెటర్ అంచు అడ్డం పెట్టుకుంది. అయిపోయింది. తన చేత్తోనే అయిపోయింది. కానీ బతికి ఉంటాడు, అది చాలు అనుకుంది. బస్సు నడపడం ఓపల్ నేర్చుకోలేదా? నేనూ నేర్చుకుంటాను. డెబ్బై మూడేళ్లకి ఎవరు నవ్వినా సరే, పక్క సీట్లో ఈయన్ని కూర్చోబెట్టుకుని నేర్చుకుంటాను. నిన్నటి నుంచి మొదటిసారి ఆవిడకి గట్టిగా ఊపిరందింది.

డెల్బర్ట్ మెట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. అరచెయ్యి ఎత్తి, ట్రాఫిక్ ఆపేవాడిలా, అందరి వైపూ చూపించాడు.

“ఎవరూ ఇంజిన్ ముట్టుకోకండి,” అన్నాడు. గొంతు మామూలుగా, నెమ్మదిగా ఉంది. “టోపీ పెట్టాను. వెల్డన్ కింద ఉన్నాడు.”

రాస్కో కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. అందరూ ఓపల్‌నే చూశారు.

ఓపల్ చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుంది. ఒక్కో అడుగే వేసుకుంటూ ఐరీన్ దగ్గరికి వెళ్లింది. జబ్బు మనిషితో మాట్లాడినట్టు, చాలా మెత్తగా అడిగింది.

“కిందున్నాడా డెల్? మరి దిమ్మలు?”

“పెట్టాను ఓపల్.”

“నువ్వా?”

“నేనే. నువ్వు పెట్టరా, నేను దూరుతున్నాను అన్నాడు. నేనే పెట్టాను, నా చేతుల్తో పెట్టాను. నువ్వెళ్లు, రొట్టెలు తెచ్చుకో. ఏం కాదు.”

ఓపల్ అక్కడే ఆగిపోయింది. ఒక చెయ్యి గాల్లో, అతన్ని తాకబోతూ అలాగే ఉంది. తర్వాత వెనక్కి తిరిగి వెర్నా వంక చూసింది. ఆ పూట వెల్డన్ ఒక్కడే ఉన్నాడని నాకు చెప్పారు కదా అన్న ప్రశ్న ఆవిడ కళ్లలో సూటిగా ఉంది.

వెర్నా తన మొగుడినే చూస్తోంది. టోపీ లేని తల, నాలుగు తెల్ల వెంట్రుకలు, మెట్టు మీద పూర్తి ఎండ.

డెల్బర్ట్ చెవులు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.